ఆఫీసుకి రోజూ సైకిలు మీద వెళ్లాలంటే ముందుగా ఏమేం బిగించుకోవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఇల్లు మియాపూర్, ఆఫీసు హైటెక్ సిటీ, హఫీజ్‌పేట, కొండాపూర్ మీదుగా దాదాపు పది కిలోమీటర్లు. గేర్లు, డిస్క్ బ్రేకులు ఉన్న 700సీ (అది చక్రం కొలత) హైబ్రిడ్ సైకిలు, అంటే మంచి రోడ్డుకీ గతుకుల రోడ్డుకీ పనికొచ్చే రకం కొన్నారు. నాలుగు రోజులు వెళ్లారు. లాప్‌టాప్ సంచీ కింద వీపు తడిసి ముద్దయింది, ప్యాంటు అంచుకి చైను మరకలు పడ్డాయి, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు చీకట్లో భయం వేసింది. ఐదో రోజు కొత్తగూడ దగ్గర పంచరు పడితే సైకిలు ఆటోలో వేసుకుని ఇంటికి చేరారు. అప్పటినుంచి అది బాల్కనీలోనే ఉంది. హెల్మెట్ ఉంది, ఇంకో పది వేలు పెట్టగలను, ఏం కొంటే మళ్లీ మొదలుపెట్టి మానకుండా వెళ్లగలను అని అడిగారు.

నేను 2013 నుంచి ఆఫీసుకి సైకిలు మీదే వెళ్తున్నాను. ఎక్కువ కాలం కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు నుంచి మాదాపూర్‌కి, మధ్యలో మూడేళ్లు మీ దారిలోనే. ముందుగా ఒక మాట. మీకు ఎదురైన ఇబ్బందుల్లో ఒక్కటి కూడా మీ కాళ్ల బలానికో, వయసుకో, బరువుకో సంబంధించింది కాదు. పది కిలోమీటర్లు నాలుగు రోజులు తొక్కారంటే తొక్కే శక్తి మీకు ఉన్నట్టే. మిమ్మల్ని ఆపినవన్నీ సైకిలుకి లేని సామాన్లు.

మా నాన్న కరెంటు లైన్‌మన్. తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో పాతికేళ్లు సైకిలు మీదే తిరిగారు. ఆ సైకిలు నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంటుంది. చైను చుట్టూ పూర్తిగా మూసిన రేకు కవరు ఉండేది, అందుకే తెల్లపంచె కట్టుకుని పెళ్లిళ్లకి కూడా దాని మీదే వెళ్లేవారు. రెండు చక్రాలకీ పొడుగాటి మడ్‌గార్డులు, వెనక మడ్‌గార్డు చివర తెల్లరంగు పూత, దాని మీద ఎర్ర అద్దం. వెనక ఇనుప క్యారియర్ మీద తీగచుట్ట, కటింగ్ ప్లయర్ ఉన్న గుడ్డసంచీ, పాత ట్యూబు ముక్కతో బిగించి కట్టి ఉండేవి. ఎంత బరువున్నా ఒరగని రెండు కాళ్ల స్టాండు. టైరుకి ఆనుకుని తిరుగుతూ లైటు వెలిగించే డైనమో. వెనక చక్రం దగ్గరే బిగించిన గుండ్రటి తాళం. బెల్లు సరేసరి. కొట్టులో ఇవన్నీ బిగించాకే సైకిలు చేతికిచ్చేవారు.

ఇప్పుడు షోరూముల్లో ఉండే గేర్ల సైకిళ్లు పోటీ సైకిళ్ల పోలికతో, కొండదారుల్లో తొక్కే సైకిళ్ల పోలికతో తయారైనవి. బరువు తగ్గాలని, చూపుకి సన్నగా ఉండాలని ఇవేవీ లేకుండానే అమ్ముతారు. ఆదివారం పొద్దున షికారుకి అది పూర్తి సైకిలే. ఆఫీసుకి మాత్రం సగం సైకిలు. మిగతా సగాన్ని ఇప్పుడు మీ పది వేలతో కొంటున్నారు. ఏదైనా సామాను కొనాలా వద్దా అని సందేహం వస్తే నాన్న సైకిలుకి అది ఉండేదా అని నన్ను నేను అడుగుతాను. నూటికి తొంభై సార్లు అక్కడే జవాబు దొరికింది.

అన్నిటికన్నా ముందు క్యారియర్, దానికి తగిలించే పక్కసంచీ. దీన్ని దాటి ఇంకేదీ ముందు కొనకండి. వీపు మీద లాప్‌టాప్ సంచీ ఉన్నంతకాలం చెమట సమస్య తీరదు. మనం తొక్కేటప్పుడు తిన్న తిండిలోంచి వచ్చే శక్తిలో దాదాపు నాలుగో వంతే పెడళ్లకి అందుతుంది, మిగతాది వేడిగా ఒంట్లోంచి బయటికి పోవాలి. కాళ్లు వంద వాట్ల పని చేస్తుంటే ఒంట్లో మూడు నాలుగు వందల వాట్ల వేడి పుడుతుంటుంది. ఆ వేడి పోవడానికి వీపు చాలా పెద్ద చోటు. దాని మీద ఫోము మెత్తలున్న సంచీని గట్టిగా బిగిస్తే గాలి ఎలా ఆడుతుంది? నేను మొదటి రెండేళ్లు వీపు సంచీతోనే వెళ్లాను. సంచీ పక్కకి మార్చిన మొదటి రోజు ఆఫీసు మెట్ల దగ్గర చొక్కా తడిమి చూసుకున్నాను. చంకల దగ్గర తప్ప ఎక్కడా తడి లేదు. అదే దారి, అదే ఏప్రిల్ నెల.

క్యారియర్ కొనేముందు రెండు చూసుకోండి. వెనక ఇరుసుకి కాస్త పైన, ఫ్రేముకి రెండు వైపులా మరలు బిగించే కన్నాలు ఉన్నాయా? సీటు కింద ఫ్రేముకి కూడా అలాంటి కన్నాలు ఉన్నాయా? ఉంటే నాలుగు చోట్ల మరలు బిగించే రకం తీసుకోండి. అది పాతిక కిలోల దాకా మోస్తుంది, ఎంత మోస్తుందో దాని మీదే రాసి ఉంటుంది. సీటు గొట్టానికి ఒక్క చోట పట్టు వేసి వేలాడదీసే రకం చూడ్డానికి బాగుంటుంది గాని, గతుకుల్లో మెల్లగా పక్కకి తిరిగిపోతుంది, దాని మీద లాప్‌టాప్ పెట్టకూడదు. రెండోది, మీకు డిస్క్ బ్రేకులు కదా, వెనక చక్రం దగ్గర డిస్కుని పట్టి ఆపే బ్రేకు భాగం ఎడమవైపు క్యారియర్ కాలుకి అడ్డు రావచ్చు. డిస్క్ బ్రేకు సైకిళ్లకి పట్టేలా కాళ్లు కాస్త వెడల్పుగా వంచిన రకం ఉంటుంది, అడిగి అదే తీసుకోండి.

పక్కసంచీ ఒక్కటి చాలు. నేను ఎడమవైపు తగిలిస్తాను, ఆటోలు రాసుకుంటూ పోయేది కుడివైపు కాబట్టి. తగిలించాక సైకిలెక్కి పెడలు వెనక్కి తిప్పి చూడండి, మడమ సంచీకి తగులుతుంటే కొక్కేలు సడలించి సంచీని వెనక్కి జరపాలి. మీ కాలిజోడు పెద్దదైతే ఇది ఎక్కువగా ఎదురవుతుంది. లాప్‌టాప్‌ని నిలువుగా పెట్టి, అడుగున మడతపెట్టిన తువ్వాలు వేయండి. గతుకు తగిలినప్పుడు దెబ్బ తువ్వాలు మీద పడుతుంది, ఆఫీసుకి చేరాక తుడుచుకోవడానికి అదే పనికొస్తుంది. కొక్కేలున్న రబ్బరు తాళ్లతో సంచీని క్యారియర్ మీద కట్టే అలవాటు మాత్రం వద్దు. ఒక కొక్కెం ఊడి చక్రంలో పడితే పుల్లల మధ్య చిక్కుకుని వెనక చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది.

చెమట గురించి ఇంకో రెండు మాటలు, వీటికి డబ్బు అక్కర్లేదు. నిదానంగా తొక్కండి. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డుని తోయడానికి పట్టే శ్రమ అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. మీ పది కిలోమీటర్లు గంటకి 22 చొప్పున తొక్కితే 27 నిమిషాలు, 17 చొప్పున తొక్కితే 35 నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాలు ముందు బయలుదేరితే ఆఫీసుకి మనిషి వేరేగా చేరతాడు. చివరి కిలోమీటరు మరీ నెమ్మదిగా, తేలిక గేరులో రండి. సైకిలు ఆగగానే ఎదురుగాలి పోతుంది, ఒంట్లో వేడి మాత్రం ఇంకా పుడుతూనే ఉంటుంది. అందుకే చాలామందికి దారిలో కన్నా లిఫ్టు దగ్గర ఎక్కువ చెమట పడుతుంది. విజయవాడలో, విశాఖలో గాలిలో తేమ ఎక్కువ, అక్కడ ఎంత జాగ్రత్తపడ్డా చొక్కా మార్చాల్సిందే. హైదరాబాదు గాలి పొడిగా ఉంటుంది, వానాకాలం తప్పిస్తే పట్టిన చెమట త్వరగా ఆరుతుంది. ఇది మనకి కలిసొచ్చిన విషయం. మనకి కలిసిరానిది చడావులు. ఈ ఊరంతా రాతిగుట్టల మీద లేచింది, కొండాపూర్ నుంచి కొత్తగూడ వైపు వెళ్తుంటే మీకే తెలిసి ఉంటుంది. చడావు మొదలయ్యే ముందే గేరు తగ్గించండి. సగం ఎక్కాక బలంగా తొక్కుతూ మారిస్తే చైను కరకరలాడుతుంది, పళ్లు అరుగుతాయి. పెద్ద ఫ్లైఓవర్లు ఎక్కకండి, కింది దారే మనది. కొత్తగూడ ఫ్లైఓవర్ 2023 జనవరిలో తెరిచాక కింద రద్దీ కొంత తగ్గింది కూడా.

సీటు ఎత్తు ఒకసారి చూసుకోండి. గోడకి ఆనుకుని సైకిలెక్కి, పెడలు అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు పూర్తిగా చాపుకోవాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా మాత్రం వంగుతుంది. మన ఊళ్లో కనబడే సైకిళ్లలో సగానికి సగం సీటు కిందికి ఉంటాయి, తర్వాత మోకాళ్ల నొప్పులని సైకిలు మానేస్తారు.

ప్యాంటు మరకలకి రెండు మార్గాలు. మీ గేర్ల సైకిలుకి నాన్న సైకిలులా పూర్తి చైను కవరు పట్టదు, ముందు పళ్లచక్రానికి పక్కన బిగించే ప్లాస్టిక్ చట్రం మాత్రం పడుతుంది. దాంతోపాటు కుడికాలి చీలమండకి వెలుతురు పడితే మెరిసే వెల్క్రో పట్టీ కట్టుకోండి. యాభై రూపాయల వస్తువు. ప్యాంటు కాపాడుతుంది, రాత్రి మిమ్మల్నీ కాపాడుతుంది, ఎలాగో కింద చెబుతాను. చైను నల్లగా ఉందంటే నూనె ఎక్కువైందని అర్థం. పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క సైకిలు చైను నూనె వేసి, పెడలు ఒక నిమిషం వెనక్కి తిప్పి, పైన మిగిలిన నూనెంతా మళ్లీ తుడిచేయాలి. నూనె ఉండాల్సింది లింకుల లోపల, బయట ఉన్నది దుమ్ముని పట్టుకోవడానికే పనికొస్తుంది. గ్రీజు, ఇంజను ఆయిలు, కొబ్బరినూనె వద్దు.

మడ్‌గార్డులు పొడుగువి తీసుకోండి. సీటు కింద గుచ్చే పొట్టి ప్లాస్టిక్ రెక్క వీపుని కొంత కాపాడుతుంది గాని, ముందు చక్రం ఎగజిమ్మే బురదంతా బూట్ల మీద, చైను మీద పడుతుంది. వాన లేని రోజుల్లోనూ వీటి అవసరం ఉంటుంది. మన వీధుల్లో ఎక్కడో ఒకచోట ట్యాంకరు కారుతూ ఉంటుంది, ఎక్కడో ఒకచోట మురుగు పొంగుతూ ఉంటుంది. మీ టైరు పక్కన 38-622 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది రిమ్ముకి సంబంధించిన కొలత. మడ్‌గార్డు టైరుకన్నా ఎనిమిది, పది మిల్లీమీటర్లు వెడల్పుగా ఉండాలి.

ఇప్పుడు లైట్లు. తిరుగుదారిలో భయం వేసిందన్నారు. ఆ భయం సరైనదే, దాన్ని పోగొట్టుకోవాలని చూడకండి, దాని కారణాన్ని తీసేయండి.

2016లో ఒక డిసెంబరు రాత్రి ఇంటికి వస్తున్నాను. సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన ఆటో అన్న తల బయటికి పెట్టి, "అన్నా, నీ ఎనక లైటు బందైంది. దగ్గరికి వచ్చేదాంక అసలు కనబడలే నువ్వు" అన్నాడు. బయలుదేరినప్పుడు వెలుగుతూనే ఉంది, గతుకుల్లో బ్యాటరీ మూత సడలి ఎక్కడో ఆగిపోయింది. ఎంతసేపు చీకట్లో అలా వచ్చానో నాకు తెలియదు. ఆయన చెప్పకపోతే మిగతా నాలుగు కిలోమీటర్లూ అలాగే వచ్చేవాణ్ని. మర్నాడే రెండో వెనక లైటు కొన్నాను. ఒకటి క్యారియర్ చివర, ఒకటి హెల్మెట్ వెనక. రెండూ ఒకేసారి ఆగిపోవడం ఇంతవరకు జరగలేదు.

కాబట్టి డబ్బు తక్కువైతే ముందు లైటు చవకది కొనండి, వెనక లైటు మాత్రం మంచిది కొనండి, వీలైతే రెండు. యూఎస్‌బీతో చార్జింగ్ అయ్యేవి, తడిసినా పాడవనివి చూడండి. ముందు లైటుకి దీపస్తంభాలున్న రోడ్ల మీద రెండు వందల ల్యూమెన్లు (వెలుగు కొలత) చాలు. వీధిదీపాలు ఆరిపోయిన చోట గుంటలు కనబడాలంటే నాలుగు వందలు కావాలి. అంతకన్నా ఎక్కువ వెలుగు మీకు ఉపయోగం లేదు, ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లు చెదిరి మిమ్మల్నే గుద్దే ప్రమాదం తెస్తుంది. లైటుని కిందికి వంచి బిగించండి, వెలుగు మధ్యభాగం ఎనిమిది, పది మీటర్ల ముందు నేలని తాకాలి. పైభాగంలో వెలుగుని గీత గీసినట్టు కోసేసే రకం దొరికితే ఇంకా మంచిది, జర్మనీలో సైకిలు లైట్లకి ఆ నిబంధన ఉంది. మిణుకుమిణుకు పెట్టుకోవాల్సింది పగలు. చీకట్లో ముందు లైటు నిలకడగా వెలగాలి, లేకపోతే మీరు ఎంత దూరంలో ఉన్నారో ఎదుటివాళ్లు పోల్చుకోలేరు.

చీలమండ పట్టీ సంగతి ఇక్కడ. వెనక వచ్చే కారు డ్రైవరుకి కదలని ఎర్రచుక్క ఏదైనా కావచ్చు, ఆగిన లారీ కావచ్చు, దుకాణం దీపం కావచ్చు. పైకీ కిందికీ లయగా ఆడే మెరుపు చూస్తే మాత్రం ఆలోచించకుండానే సైకిలు మనిషి అని తెలిసిపోతుంది. పెడళ్లకి పసుపు రిఫ్లెక్టర్లు ఉండేది అందుకే. కొత్త సైకిలుకి వచ్చిన రిఫ్లెక్టర్లు అందం చెడగొడుతున్నాయని చాలామంది పీకేస్తారు, మీరు పీకేసి ఉంటే మళ్లీ బిగించండి. బ్యాటరీ అక్కర్లేని రక్షణ అది.

అద్దం కూడా ఇందులో భాగమే. హ్యాండిల్ కుడి చివర బిగించే చిన్న గుండ్రటి అద్దం మూడు వందలకి వస్తుంది. మెడ తిప్పితే సైకిలు కూడా ఆ పక్కకి జరుగుతుంది, కొత్తలో ఇది అందరికీ జరిగేదే. అద్దంలో చూసి, తర్వాత ఒక్కసారి మెడ తిప్పి, చెయ్యి చాపి, అప్పుడే కుడికి జరగండి. ఆగి ఉన్న కార్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు తలుపు పూర్తిగా తెరిచినా తగలనంత దూరం ఉంచండి, ఒక మీటరుకి పైగానే. వెనక హారన్లు కొట్టినా సరే. కూడళ్లలో ఆర్టీసీ బస్సుకి ఎడమ పక్కన ఎప్పుడూ నిలబడకండి. ఎడమకి తిరిగే బస్సు డ్రైవరుకి ఆ మూల కనబడదు.

పంచరు. మీరు ఆటో ఎక్కింది నిజానికి నాలుగు సామాన్లు లేక: విడి ట్యూబు, టైరు ఊడదీసే రెండు ప్లాస్టిక్ కడ్డీలు, చేతిపంపు, ప్యాచీల డబ్బీ. అన్నీ కలిపి పదమూడు, పద్నాలుగు వందలు. వీటిని పక్కసంచీ అడుగున పడేసి మర్చిపోండి. వెనక చక్రం క్విక్ రిలీజ్ పిడితో (పానా లేకుండా చేత్తోనే వదులు చేసేది) కాకుండా నట్లతో బిగించి ఉంటే 15 నంబరు పానా కూడా.

రోడ్డు పక్కన ప్యాచీ వేసే పని పెట్టుకోవద్దు, ట్యూబు మార్చేసి వెళ్లిపోండి, ప్యాచీ ఇంట్లో వేసుకోవచ్చు. కానీ కొత్త ట్యూబు వేసేముందు ఒక్క పని చేయకపోతే పది నిమిషాల్లో మళ్లీ అదే పంచరు. నాకు కొత్తలో అలాగే అయింది. టైరు లోపలిభాగం అంతా వేలితో కాదు, గుడ్డతో తడమాలి. చేతిరుమాలు లోపల వేసి చుట్టూ లాగుతూ వెళ్తే ఎక్కడో ఒకచోట నూలుపోగు పట్టుకుంటుంది. అక్కడ ఉంటుంది అది. ఊరి శివార్లలోనైతే తుమ్మముల్లు. మన రోడ్ల మీద ఎక్కువసార్లు నాకు దొరికింది వెంట్రుకంత సన్నటి ఇనుప తీగ, అర అంగుళం కూడా ఉండదు. పగిలిపోయిన పెద్ద టైర్లలోంచి ఊడిపడే తీగ అది. బయటినుంచి చూస్తే కనబడదు, టైరుని వంచితేనే మొన మెరుస్తుంది. గోరుతో రాదు, చిన్న పట్టకారుతో లోపలినుంచి లాగాలి. ప్యాచీల డబ్బీలో ఒక పట్టకారు కూడా వేసుకోండి.

ఇంట్లో ప్యాచీ వేసేటప్పుడు అందరూ చేసే తప్పు తొందర. ఉప్పుకాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా పూశాక ఐదు నిమిషాలు వదిలేయాలి. మెరుపు పోయి, వేలితో ముట్టుకుంటే అంటుకోనట్టు అవ్వాలి. అప్పుడు ప్యాచీ వేసి గట్టిగా నొక్కితే అది ట్యూబులో కలిసిపోతుంది. తడిగా ఉండగానే అంటిస్తే రెండు రోజుల్లో అంచు లేస్తుంది.

దారిలో పంచరు షాపుల మీద ఆధారపడొచ్చా అంటే కొంతవరకే. మోటారు సైకిళ్ల పంచరు వేసే అన్నలు ట్యూబు చూసి చేసిపెడతారు గాని, వాళ్ల దగ్గర మీ కొలత ట్యూబు ఉండదు. పాత కొట్లలో దొరికే 28 అంగుళాల టైరు నల్ల సైకిళ్లది, దాని రిమ్ము కొలత 635, మీది 622. పేరు దగ్గరగా ఉంది కదా అని కొంటే పట్టదు. వాల్వు కూడా చూసుకోండి. మోటారు సైకిలు వాల్వులా లావుగా ఉంటే పెట్రోలు బంకులోనూ గాలి పట్టించుకోవచ్చు. పెన్సిలులా సన్నగా, కొసన చిన్న మర ఉంటే ఇత్తడి అడాప్టరు కావాలి, ముప్పై నలభై రూపాయలు. అది వాల్వుకే బిగించి ఉంచండి.

చాలా పంచర్లు గాలి తక్కువై కూడా వస్తాయి. మెత్తబడిన టైరు గుంట అంచుకి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి, పాము కరిచినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. మీ బరువు 84 కిలోలన్నారు. 38 వెడల్పు టైరుకి వెనక 60 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత), ముందు 55 దగ్గర మొదలుపెట్టండి, టైరు పక్కన రాసిన పరిమితి మాత్రం దాటొద్దు. వారానికోసారి, సోమవారం పొద్దున అనుకోండి, మీటరు ఉన్న నిలువుపంపుతో కొట్టుకోండి. మీ బడ్జెట్లో ఇప్పుడు పట్టకపోయినా తర్వాతి నెల కొనాల్సిన మొదటి వస్తువు ఆ పంపే. ఈ టైర్లు అరిగాక లోపల మందపాటి రబ్బరు పొర ఉన్న రకం వేయించుకోండి. ష్వాల్బే కంపెనీ మారథాన్ టైరు నాకు బాగా నచ్చింది. బరువు, ధర రెండూ ఎక్కువే, అది వేసిన మొదటి ఏడాది నాకు ఒక్క పంచరూ పడలేదు.

తాళం సంగతి. సన్నటి కేబులు తాళం కటింగ్ ప్లయరుకే తెగుతుంది. యూ ఆకారంలో ఉండే గట్టి కడ్డీ తాళం కొనండి. వెనక చక్రం, ఫ్రేము, కదలని ఇనుప స్తంభం, మూడూ కలిసి తాళంలో పడాలి. ముందు చక్రాన్ని మాత్రమే కట్టేసి వెళ్తే, పిడి ఊడదీసి చక్రం అక్కడే వదిలి మిగతా సైకిలు ఎత్తుకుపోతారు. మా సెల్లారులో ఒకాయనకి సరిగ్గా అలాగే జరిగింది. రోజూ తాళం మోయక్కర్లేదు, ఆఫీసు స్తంభానికే వేలాడదీసి వదిలేయండి. సెక్యూరిటీ అన్నలతో మాట్లాడి వాళ్లకి కనబడే చోట పెట్టుకోండి.

హెల్మెట్ ఉందన్నారు. లోపల ఈఎన్ 1078 అనో, సీపీఎస్సీ అనో ఉన్న చీటీ చూసుకోండి, అవి సైకిలు హెల్మెట్లకి పెట్టే పరీక్షలు. ఐఎస్ 4151 ఉంటే అది మోటారు సైకిలుది, బరువుకి, వేడికి మీరు నెలలోపే పెట్టుకోవడం మానేస్తారు. కనుబొమలకి రెండు వేళ్ల పైన నుదుటి మీద కూర్చోవాలి, వెనక్కి జారి ఉంటే ఉపయోగం లేదు. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలితే పైకి బాగున్నా మార్చేయాలి.

వాన. రెయిన్‌కోటు వేసుకుని తొక్కితే బయట తడి బదులు లోపల తడి, అంతే తేడా. చేతులు, ముందుభాగం కప్పి, కింద గాలి ఆడే గొడుగులాంటి పాంచో నయం. పక్కసంచీకి వాన తొడుగు ఉండాలి, లాప్‌టాప్‌ని అదనంగా మందపాటి పాలిథిన్ సంచీలో వేయండి. రోడ్డు మీద నిలిచిన నీళ్లలోంచి మాత్రం వెళ్లకండి, ఎంత తెలిసిన దారైనా సరే. నిన్న మూత ఉన్న మ్యాన్‌హోల్‌కి ఇవాళ మూత ఉండకపోవచ్చు. దిగి పక్కనుంచి నడిపించుకు వెళ్లండి, లేదంటే గంట ఆగండి. మరీ కుండపోత అయితే ఆ రోజు మెట్రో ఎక్కండి. మియాపూర్ నుంచి అమీర్‌పేటలో మారి వెళ్లాలి, చుట్టే గాని తడవకుండా చేరతారు. వారానికి మూడు రోజులు సైకిలు, రెండు రోజులు మెట్రో అనుకున్నవాళ్లే నాకు తెలిసి ఏళ్ల తరబడి కొనసాగారు. మెట్రో వెళ్లే రోజున మిగతా రోజులకి కావాల్సిన ఇస్త్రీ చొక్కాలు ఆఫీసులో పెట్టేసి రావచ్చు.

ఇక లెక్క. ఈమధ్య నేను అడిగిన ధరలివి, కొట్టుని బట్టి అటూ ఇటూ అవుతాయి. క్యారియర్ 1200, పక్కసంచీ 2500, మడ్‌గార్డులు 900, లైట్లు 1800, పంచరు సామాను 1350, తాళం 1200, అద్దం 300. మొత్తం 9250. మిగిలిన దాంట్లో బెల్లు, చీలమండ పట్టీ, చైను నూనె. సెల్‌ఫోను పెట్టే స్టాండు, జెల్ సీటు కవరు, వేగం చూపే మీటరు ఇప్పుడు కొనకండి. జెల్ కవరు మొదటి వారం మెత్తగా ఉంటుంది, తర్వాత తొడలు రాసుకుని మంట పుడుతుంది. అసలు సీటుకి ఒళ్లు రెండు వారాల్లో అలవాటు పడుతుంది.

అన్నీ బిగించాక మొదటిసారి సోమవారం పొద్దున ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లకండి. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన సైకిలు దారి ఉంది, తెరిచినప్పుడు 23 కిలోమీటర్లు, పైన సోలారు పలకల నీడ. ఆఫీసుకి వెళ్లే దారిగా అది మీకు పనికిరాదు గాని, కొల్లూరు వైపు కొస మీకు మరీ దూరం కాదు. ఆదివారం పొద్దున్నే పక్కసంచీలో ఐదు కిలోల బియ్యం వేసుకుని అక్కడ ఒక గంట తొక్కండి. మడమ తగులుతోందా, ఏ మర సడలుతోంది, బరువుతో బ్రేకు ఎంత దూరంలో పడుతోంది, అన్నీ అక్కడే తెలిసిపోతాయి. ఇంటికొచ్చి ప్రతి మరనీ మళ్లీ ఒకసారి బిగించండి. కొత్తగా బిగించిన క్యారియర్ మరలు మొదట్లో తరచుగా సడలుతాయి.

ప్రస్తుతానికి బాల్కనీలోకి వెళ్లి వెనక ఇరుసు పైన ఆ రెండు కన్నాలు ఉన్నాయో లేవో చూసి చెప్పండి. వాటిని బట్టి ఏ క్యారియర్ తీసుకోవాలో చెబుతాను.